నలభై ఒక్క కుడికాళ్లు

ఆ వీధి చివరి ఇంట్లో, మేడమీద గదిలో ఉండే పెద్దమనిషికి నలభై మూడు కుడికాళ్లు ఉండేవి. ఎడమకాలు మాత్రం ఒక్కటే.

సరే, కాళ్లు కాదు, కుడికాలి షూస్. నలభై మూడూ కాదు, నలభై ఒకటి. ఆ రెండూ ఊపులో వచ్చి పడ్డాయి. తక్కినదాంట్లో ఒక్క కుట్టు కూడా అదనంగా వేసింది లేదు.

ఆయన షూ ఫ్యాక్టరీలో, శాంపిల్ గదిలో కుట్టుపనివాడు. కొత్త మోడల్ ఏదైనా ముందు ఆ గదిలోనే పుడుతుంది, ఒంటరిగా పుడుతుంది. పైవాళ్లకు చూపించడానికి ఒక కాలు చాలదా, జతెందుకు దండగ అని కుడికాలిదే కుడతారు, అదీ ఒకే సైజులో. నచ్చితే దానికి తోబుట్టువు వస్తుంది. నచ్చనిదాన్ని పారేసే ముందు ఆయన అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. అలా ఇరవై రెండేళ్లు. బాస్కెట్‌బాల్ బూటును చూసి చీలమండ దాకా లేపిన స్కేట్‌బోర్డు షూ, టెన్నిస్ షూలా తెల్లగా మెరిసేది, పరుగుపందెం షూలా పక్కన గీతలున్నది, అన్నిటినీ గోడ అరల్లో, ముక్కులు ఒకే వైపుకు తిప్పి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు సర్దుకున్నాడు.

కింది వాటాలో ఉండే అక్క గది తుడవడానికి వచ్చినప్పుడల్లా చీపురు ఆపి అనేది: "వీటికీ జత లేదు, నీకూ జత లేదు. బాగా కుదిరిందిరా సంబంధం!"

పై అరలో ఉన్నది మాత్రం ఆయన సొంతంగా గీసి కుట్టింది. ఫుట్‌బాల్ బూటుకు బంతి తగిలేచోట తోలు ఎలా మందంగా వేస్తారో చూసి, స్కేట్‌బోర్డు షూకి చిటికెనవేలి పక్కన మూడు పొరలు వేశాడు. బోర్డుతో సహా గాల్లోకి ఎగిరేటప్పుడు, ముందుకాలి షూ ఆ పక్కనే బోర్డు మీది గరుకు కాగితానికి ఒరుసుకుని చిరుగుతుంది మరి. డిజైనరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఇదేంటండీ, షూకి దవడ వాచిందా?" అన్నాడు. గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. దానికి ఎడమకాలిది పుట్టనేలేదు.

అక్క కూతురికి పందొమ్మిదేళ్లు. మందుల షాపులో పని, తీరికంతా స్కేట్‌బోర్డు మీద. చాలామంది ఎడమకాలు ముందు పెడితే ఈ పిల్ల కుడికాలు పెడుతుంది. అందుకే ఆమె ఎడమ షూ కొత్తదానిలా ఉండగానే కుడి షూలోంచి చిటికెనవేలు బయటికి తొంగిచూసేది. ఆదివారం పార్కులో పోటీ అనగా శుక్రవారం సాయంత్రం మేడెక్కి వచ్చింది.

"మామయ్యా, నాకు కావలసింది ఒక్క కుడికాలు. నీ దగ్గరున్నవన్నీ కుడికాళ్లే. మనిద్దర్నీ ఒకే ఇంట్లో ఊరికే పడేయలేదు దేవుడు! ఆ పై అరలోది ఇవ్వవూ? పక్కన ఎంత గట్టిగా ఉందో."

ఆయన పై అరలోని షూ వైపు చూశాడు. ఒక్కసారి ఎగిరితే చాలు, దాని మొహమంతా గీరుకుపోతుంది.

"ఇద్దును కానీ అమ్మలూ, నీకు పట్టదు. సగం సైజు చిన్నది."

"తొడిగి చూడనా?"

"కుట్లు పిగిలిపోతాయి. నీ కాలు చూస్తే నాకు తెలీదూ?"

తెలుసు. ఆయన కాలు చూసి సైజు చెప్పాడంటే ఫ్యాక్టరీలో ఎవరూ టేపు తీయరు. ఆ పిల్లది సరిగ్గా శాంపిల్ సైజు.

"అయ్యో, నావి పాదాలా, పడవలా!" అని నవ్వుకుంటూ దిగిపోయింది. అలిగి వెళ్లినా బాగుండేది.

ఆదివారం ఊరికే చూసి వద్దామని బయల్దేరాడు. ఆ షూని సంచిలో ఎందుకు పెట్టుకున్నాడో తనకు తానే చెప్పుకోలేదు. పార్కు కంచె బయట నిలబడ్డాడు. తలో రెండు అవకాశాలు. మేనకోడలు చిరిగిన షూ చుట్టూ కట్లు కట్టే ప్లాస్టరు చుట్టుకుంది. ఎగిరింది. ప్లాస్టరు ఊడి బోర్డుకు అతుక్కుంది. బోర్డొకవైపు, పిల్లొకవైపు. జనం గొల్లుమన్నారు. మోచెయ్యి దులుపుకుంటూ వచ్చి కంచె దగ్గర గట్టుమీద కూలబడింది. వెనకాల ఉన్న మామయ్యను చూడలేదు.

"మీ మామయ్యకి గోడనిండా షూసేనటగా. ఒక్కటివ్వలేదా, పిసినారి?" అంది పక్కనున్న స్నేహితురాలు.

"ఏయ్, మామయ్యనేమనకు. ఇద్దామనే అనుకున్నాడు, సైజే చాలలేదు."

"తొడిగి చూశావా?"

"మామయ్య చెప్పాక చూడ్డమేంటే? సైజు దగ్గర ఆయన మాట తప్పు కాదు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. శాంపిల్ గదిలో నవ్వినవాళ్లు కుట్టిన దాన్ని చూసి నవ్వారు. ఇక్కడ తనను చూసి ఎవరూ నవ్వలేదు, పైగా తన మాట నమ్మారు, అదే భరించలేకపోయాడు. ఇటునుంచి ఇటే ఇంటికి పోవచ్చు. కాళ్లు మాత్రం గేటు వైపు నడిచాయి. లోపలికి వెళ్లేసరికి నాలుక మీద మరో అబద్ధం సిద్ధంగా ఉంది.

"ఇదిగో అమ్మలూ. చెక్క అచ్చుమీద ఎక్కించి సాగదీశాను. సగం సైజు పెరిగింది."

ఆమె సంబరంగా లాక్కుని, లేసు వదులుచేసి, షూ నాలుక పైకెత్తింది. సాగదీస్తే తోలు సాగుతుంది కానీ నాలుక వెనక అచ్చేసిన అంకె సాగదు. ఇరవై రెండేళ్ల పనివాడు ఆ ముక్క మరిచిపోయాడు. ఆమె ఆ అంకె చూసింది. తన ఎడమ షూ అంకె చూసింది. రెండూ ఒకటే. స్నేహితురాలు నోరు తెరవబోతే మోచేత్తో పొడిచింది.

"భలే సాగదీశావు మామయ్యా," అంది మెల్లగా.

ఆయన మోకాళ్లమీద కూర్చుని లేసు కట్టసాగాడు. తలెత్తకుండా ఉండడానికి అదొక వంక.

"సాగదీయలేదు," అన్నాడు లేసుతో.

"గట్టిగా లాగు. నా పేరు పిలుస్తున్నారు."

ఎగిరింది. గరుకు కాగితం బర్రుమంది. బోర్డుమీదే దిగింది. ఏడుగురిలో నాలుగో స్థానం. పై పొరమీద పిల్లి రక్కినట్టు చార పడింది, కింది రెండూ చెక్కుచెదరలేదు. "చూశావా నీ పనితనం!" అని ఆమె కాలెత్తి చూపిస్తే ఆయన చెట్లవైపు చూశాడు.

ఆ షూ ఆమెకే ఉండిపోయింది. అది పూర్తిగా అరిగాక ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి, అడక్కుండానే కింది వాటా గుమ్మం ముందు కనిపించేవి. గోడ అరలు ఇప్పుడు సగానికి పైగా ఖాళీ.

ఈ సంగతి ఆయన్నే అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు.

"ఎవరు చెప్పారండీ మీకు? ఆ ఆదివారం నాకు జలుబు, గది దాటితే ఒట్టు. ఆ పార్కు ఎటు ఉంటుందో కూడా నాకు తెలీదు."