కావలి లేని నీళ్లు

మాబాషా ఎట్లాంటివాడని మా ఊళ్లో ఎవరినడిగినా "మంచోడు" అంటారు. ఆ మాట అన్నవాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది నాకు. మొదట పగలాల్సింది నా చెంపే, అదీ నాకు తెలుసు.

మాది రాప్తాడుకు పది కిలోమీటర్ల లోపల, ఇరవై రెండు గడపల పల్లె. మాబాషా నాయన ఊరూరా తిరిగి దూదేకి, పరుపులు కుట్టి మూడెకరాల ఎర్రనేల కొన్నాడు. మాబాషా పదో తరగతి తప్పి ఆ నేలలోనే బోరు వేశాడు. అదృష్టం, రెండున్నర ఇంచుల నీళ్లు పడ్డాయి. నూట ఇరవై చీనీ చెట్లు, అదే బత్తాయి, నాటాడు. బడి చదువు అబ్బలేదు కానీ పార్టీ పుస్తకాలు మాత్రం నమిలి మింగేవాడు. నేనూ, తిప్పయ్యా పార్టీలో ఆయనకంటే ముందువాళ్లం. ఆదివారం వస్తే ముగ్గురం మా ఇంటి అరుగు మీద చేరేవాళ్లం.

భూమి అందరిదీ కావాలి, నీళ్లు ఎవడబ్బ సొత్తూ కావు. ఇక్కడిదాకా ముగ్గురిదీ ఒకే మాట. ఆ తర్వాతే రచ్చ. మనిషికి ఆశ పుట్టుకతో రాదు, కరువు నేర్పిస్తుంది, కరువు పోతే అదీ పోతుందని మాబాషా వాదం. కాదు, తల్లి కడుపులోంచే వస్తుంది, సమసమాజం వచ్చినా దానికో కావలివాడు, వాడి చేతిలో ఒక కట్టె ఉండాల్సిందేనని తిప్పయ్య. మరి నేను? టీ తాగుతూ ఇద్దరికీ తల ఊపేవాణ్ణి.

ఒకసారి మాబాషా, "రంజాన్ నెలలో ఇంట్లో కడవ నిండా నీళ్లుంటాయి. ఎవురూ చూడరు. అయినా తాగం గదన్నా?" అన్నాడు.

"మీ అల్లా చూస్తాంటాడని తాగరు," అన్నాడు తిప్పయ్య. "నేను చెప్పేదీ అదే. చూసేటోడు ఒకడు కావల్ల."

మాబాషా దానికి నవ్వేశాడు. ఎదుటివాడి మాటకు అట్లా నవ్వెయ్యడమే ఆయన కొంప ముంచింది.

ఐదారేళ్ల కిందట, ఊళ్లో బోర్లన్నీ కలిపి ఒకే పైపులైను వేసుకుందామని మాబాషా ఇల్లిల్లూ తిరిగాడు. బోరున్నది ఏడుగురికే. మిగతావాళ్లవి వానను నమ్ముకున్న చేలు. శనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళ వాన మొహం చాటేస్తే ఒక్క తడి చాలు, పంట దక్కుతుంది. ఆ ఒక్క తడి అందరికీ ఇవ్వాలి, పదేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు. ఇదీ ఒప్పందం. మాట తప్పినవాడికి జరిమానా రాయించాలని తిప్పయ్య పట్టుబట్టాడు. కాగితం రాయించుకుంటే దొంగలమని ముందే ఒప్పుకున్నట్టేనన్నాడు మాబాషా. ఊరంతా మాబాషా వైపే చెయ్యెత్తింది. ఎందుకెత్తదు? జరిమానా లేదంటే ఎవరికి చేదు!

నాలుగేళ్లు నడిచింది. ఉన్నమాట చెప్పాలి కదా, నిజంగానే నడిచింది. వాల్వులు తిప్పేది మాబాషానే. అందరి చేలూ తడిశాకే తన చీనీ చెట్లకు నీళ్లు వదులుకునేవాడు. లైను చివర సువార్తమ్మది ఎకరం చేను. మొగుడు లేని మనిషి, బోరు లేదు. ఆమె మొదటిసారి పన్నెండు మూటల కాయ ఇంటికి చేర్చుకున్న రోజు మాబాషా మా అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఐదో ఏడు ఆగస్టు అయిపోయినా చుక్క రాలలేదు. ఒక సోమవారం పొద్దున్నే తిప్పయ్య చేలో బోరు రిగ్గు గుర్రుమంది. మధ్యాహ్నానికి తెల్లదుమ్ము ఆగి నీళ్లు ఎగిశాయి. మాబాషా పరుగెత్తుకుంటూ పోయాడు, వెనకాలే నేను.

"మాటనుకున్యాం గదా తిప్పన్నా."

"నేను ఎయ్యకుంటే ఇంగొకడు ఏస్తాడు. మనిషి గుణం నాకు తెల్సు మాబాషా."

"మనిషి గుణం గాదిది. నీ గుణం."

ఆ సాయంత్రం మాబాషా మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. రిగ్గు బడి దగ్గర ఆగి ఉంది, ఇంకెవరో కూడా మాట్లాడుకున్నట్టున్నారు, పొద్దున చేలల్లోకి పోయే బాటకు అడ్డంగా అందరం కూర్చుంటే బండి వెనక్కి పోతుంది, రండి అని బతిమాలాడు. అందరూ వస్తామన్నారు. నేనైతే చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను.

తెల్లారి ఆ బాటలో మాబాషా, ఆయన భార్య రంజాన్ బీ, ఇద్దరే కూర్చున్నారు. రిగ్గు డ్రైవరు పాపం గంటసేపు ఆగాడు. చివరికి రంజాన్ బీయే మొగుడి రెక్క పట్టి లేపింది.

"లెయ్యి. వాళ్లు బండి కోసరం ఎదురుచూస్తాండారు, నీ కోసరం గాదు."

నేనెక్కడున్నానంటారా? నా చేలో. భౌతికవాదినని ముప్పై ఏళ్లు ఉపన్యాసాలు దంచినవాణ్ణి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని, అది ఎక్కడ లేచి నిలబడుతుందా, ఎక్కడ నీళ్లున్నాయా అని నడుస్తున్నాను. సిగ్గులేదా అంటే, లేదు. మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఆ పొద్దు మాలో ఒక్కడూ ఆలోచించలేదు. ముందు ఎవడు తప్పుతాడా అని నాలుగేళ్లుగా చూస్తూ ఉన్నాం, అంతే.

ఆరు రోజుల్లో పదకొండు బోర్లు. ఏడింట్లో దుమ్మే. నాది ఆ ఏడింట్లో ఒకటి. డిసెంబరుకల్లా మాబాషా బోరు గాలి కక్కింది. ఫిబ్రవరిలో తిప్పయ్యదీ అదే గతి. అయినా ఆ మహానుభావుడు టీ హోటలు దగ్గర మీసం దువ్వాడు, తాను ఇన్నేళ్లూ చెప్పిందే నిజమైందట! తన మాటకు తనే సాక్షి, తనే ముద్దాయి. ఒళ్లు మండింది నాకు. కానీ ఏ మొహం పెట్టుకుని అంటాను?

ట్యాంకర్లతో నీళ్లు తోలించే శక్తి మాబాషాకు లేదు. ఏప్రిల్‌లో నూట ఇరవై చీనీ చెట్లూ కొట్టేశాడు. కట్టెల వ్యాపారి వస్తే అమ్మలేదు. ఆ చెట్లు తాగింది అందరి నీళ్లన్నాడు. తనకంటూ ఒక్క కొమ్మ ఉంచుకోకుండా ఇరవై ఒక్క కుప్పలు సమంగా వేసి, ఇంటికొకటి తీసుకుపొమ్మని కబురు చేశాడు. కుప్పల దగ్గర మనిషిని పెట్టలేదు.

ఆ రోజు చూడాలి మా ఊరి హుషారు! పిలుపు అందీ అందకముందే బండ్లు వచ్చాయి. తిప్పయ్య సరిగ్గా ఒక్క కుప్ప ఎత్తుకుని తల వంచుకుని పోయాడు. సువార్తమ్మ తాడు చేతబట్టుకుని వచ్చేసరికి నేల నున్నగా ఉంది.

మాబాషా నా బండి దగ్గరికి వచ్చాడు. కట్టెల్ని ఒకసారి కిందినుంచి పైదాకా చూశాడు.

"అన్నా, దీంట్లో రెండు కుప్పలుండాయే."

"పొరపాట్న ఎక్కింటాది మాబాషా. పొయ్యేటప్పుడు సువార్తమ్మ ఇంటికాడ దించిపోతాలే," అన్నాను.

"సరేన్నా," అన్నాడు. ఇంటికి పొమ్మనీ, అన్న తెచ్చి దించుతాడనీ సువార్తమ్మకు కూడా తనే చెప్పి పంపాడు. నమ్మాడు. ఇంత జరిగాక కూడా నమ్మాడు.

చీనీ కట్టె పొగ రాకుండా మండుతుంది. మా పొయ్యికి వానలు పడేదాకా సరిపోయింది.