తొంభై శాతం

ఈ ఉదయం ఆఫీసులో కొత్త పనికి సంబంధించిన పట్టిక తెరిచాను. ‘ఎంత శాతం పూర్తయింది?’ అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్కడికి రాగానే నాకు మా టెస్టింగ్ అక్క గుర్తొస్తుంది.

అప్పట్లో సిద్దిపేటలో రెండు కిరాయి గదుల్లో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. ఒక ప్రైవేటు దవాఖానకు డయాలసిస్ రోగుల వంతులు చూసే ప్రోగ్రాం రాస్తున్నాం. నేను టీమ్ లీడర్ని. మేం రాసింది సరిగా నడుస్తుందో లేదో చూడటం అక్క పని. ప్రతి శుక్రవారం హైదరాబాద్ నుంచి మేనేజరు వీడియోలో కనిపించి శాతం అడిగేవాడు. మొదటి నెలలోనే డెబ్బై అని చెప్పేశాను. తర్వాత ఎనభై, తొంభై. అక్కడికి చేరాక ఆ అంకె రెండు నెలలు కదల్లేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు కూడా. పట్టికలో పచ్చరంగు కనబడితే చాలు, అందరం నిశ్చింతగా మిరపకాయ బజ్జీలకు పోయేవాళ్లం.

అక్క మాత్రం కదిలేది కాదు. “తొంభై అంటున్నవ్ గద తమ్మీ, పేషెంట్ తారీఖు మార్చుకుంటే పేరు కొత్త లిస్టుల పడుతదా? అది నేనింకా చూడనే లే,” అని పట్టికలో దానికున్న వరుసలో ‘కాలేదు’ అని రాసింది. గడువు నెత్తిమీదికొచ్చింది. ఆమె లేనప్పుడు నేను దాన్ని ‘అయింది’ అని మార్చాను.

ప్రోగ్రాం మొదలైన రెండో వారం మద్దూరు నుంచి ఒక ముసలాయన డయాలసిస్ కోసం బస్సులో దవాఖానకు వచ్చాడు. వరికోతలని తారీఖు మార్చుకున్నాడట. పేరు ఏ లిస్టులోనూ లేదు. “రేపు రా పెద్దాయనా,” అన్నారు. మర్నాడూ అదే మాట. రెండు మధ్యాహ్నాలు బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయాడు. మూడో రోజు ఊపిరాడక ఇంట్లోనే చనిపోయాడు.

అక్క మద్దూరు వెళ్లి ఆయన భార్యను చూసి వచ్చింది. నన్నూ రమ్మంటే పని ఉందన్నాను. వచ్చాక ఆ పట్టికను నా ముందు తెరిచింది. ఏ గడిని ఎవరు మార్చారో అందులో ఉంటుంది. తిడుతుందనుకున్నాను.

“అయిందో కాలేదో నీకు తెల్వదు తమ్మీ. తెల్వదని ఒక్క మాటంటే ఏం పోతుండె?” అంది, అంతే.

ఆ శుక్రవారం మీటింగులో ఆమె జరిగింది చెప్పబోతే, మేనేజరు మధ్యలోనే “సరే, ఆ తప్పు దిద్దడం ఎంత శాతం అయింది?” అన్నాడు. అక్క కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయింది, మళ్లీ ఆఫీసుకు రాలేదు. నేను, “తొంభై,” అన్నాను.

ఆ తర్వాత ఎన్నో గడువులు వచ్చాయి, పోయాయి. ఆ ముసలాయన బెంచీ మీద ఎదురుచూసిన రెండు మధ్యాహ్నాలు మాత్రం నాకింకా గడవలేదు.