పాత్ర మీది గుడ్డ తీసేలోపు

1971 ఆగస్టు పదిహేను, ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు. గోదావరిఖనిలో భూమి లోపల, పంపు పక్కన, చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాను. నా రాత్రి షిఫ్టు ఏడింటికే అయిపోయింది. నన్ను విడిపించాల్సిన మనిషి రాలేదు. పైన మా కాలనీలో తొమ్మిదింటికి పూజ.

నేనెందుకు లేచి పోలేదని మీరు అడుగుతారు కాబట్టి పంపు సంగతి ముందు చెప్తాను. గనిలో బొగ్గు పని ఆగుతుంది గానీ నీళ్ళు ఆగవు. ఆదివారమైనా పండుగైనా గోడల్లోంచి, కాళ్ళ కింద నుంచి ఊరుతూనే ఉంటాయి. అందులో అది వానాకాలం. మోటారు కాసేపు ఆగితే కింది జాగ మునిగిపోతుంది. అందుకే వచ్చిన మనిషికి పంపు అప్పజెప్పనిదే ఉన్న మనిషి కదలకూడదు. కదిలితే మళ్ళీ గనికి రానక్కర్లేదు. ఇది కంపెనీ కట్టడ.

తిరుసభ, అంటే మా కతోలికుల సభ, దాని కట్టడ ఇంకొకటి. ఆదివారాలూ పెద్ద పండుగలూ పూజ చూడాలి. చూడకపోతే చావైన పాపం. ఆ పాపం ఫాదర్ దగ్గర చెప్పుకోకుండా, అంటే సంకీర్తనం చెయ్యకుండా, చస్తే నరకం. అప్పటికి నాకు చదువు రాదు. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. కట్టడలన్నీ మాకు ఉపదేశి నోటి నుంచి వచ్చినవే. ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థన చెప్పించడం, పిల్లలకూ పెద్దలకూ మతం నేర్పడం ఉపదేశి పని. మా ఉపదేశి గనిలో పనిచేసి, కాలు నలిగి మానుకున్నవాడు. కుంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. పూజనాడు రేకుల షెడ్డు వాకిట్లో నిలబడేవాడు. ఆ షెడ్డే మా గుడి. పీఠం మీద ద్రాక్షరసం పోసే పాత్రకు ఒక గుడ్డ కప్పి ఉంటుంది. ఫాదర్ ఆ గుడ్డ తీసేలోపు వాకిలి దాటినవాడికి పూజ లెక్క. తీశాక వచ్చినవాడికి లెక్క లేదు. వాడు వచ్చినా రానట్టే.

ఆ ఆదివారం మరియమాత మోక్షారోపణ పండుగ కూడా. రెండూ ఒకే రోజున పడ్డాయి కాబట్టి పూజ తప్పినవాడికి రెండు పాపాలని ఉపదేశి వారం ముందు నుంచీ చెప్తున్నాడు. మేము నమ్మాం. ఎందుకు నమ్మం? అడగడానికి ఎవరున్నారు? ఈస్టరు పూజ తర్వాత ముసలి ఫాదర్ జబ్బు పడి దవాఖానలో చేరినప్పటి నుంచి మా దగ్గరికి ఎవరూ రాలేదు. కొత్త ఫాదర్ రావడం ఆ రోజే మొదలు. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు.

నా మీద కూడా బోలెడు ఆదివారాల పాపం ఉంది. అయినా ఆ రోజు నేను కొట్టుకులాడింది నా కోసం కాదు, మా బావ కోసం.

బావ మా అక్క మొగుడు. ఏప్రిల్‌లో పోయాడు. ఈస్టరు రోజు ఆయనకు డ్యూటీ పడింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఉపదేశి గడపలో కూర్చుని ఉన్నాడు. "ఈస్టరుకు గూడ రాని నువ్వేం క్రైస్తవునివి?" అని వాడకట్టు అంతా వినేటట్టు అన్నాడు. తర్వాతి ఆదివారం రైలెక్కి పెద్ద గుడికి పోయి, పాపం చెప్పుకుని, పూజ చూడాలనుకున్నాడు. ఆ ఆదివారం కూడా ఆయనకు డ్యూటీయే. అందుకని ఒకతన్ని బతిమాలి, తన ఆదివారం అతనికిచ్చి, అతని శనివారం తాను తీసుకున్నాడు. శనివారం సాయంత్రం, తనది కాని జాగలో, పైకప్పు కూలి మీద పడింది.

ఫాదర్ లేడు కాబట్టి మట్టి చేయించింది ఉపదేశే. గుంత దగ్గర అందరికీ చెప్పాడు: "పూజ తప్పినంక సంకీర్తనం లేకుంటనే పోయిండు. ఈయన ఆత్మ కోసం గట్టిగ ప్రార్థన చెయ్యుండ్రి." ఆయన మంచికే అన్నాడేమో. మా అక్క చెవిలో మాత్రం అది వేరేగా పడింది. అప్పటి నుంచి పొయ్యి ముట్టించినప్పుడల్లా ఆ మంట వైపు చూస్తూ కూర్చునేది. అన్నం మాడినా లేచేది కాదు.

ముందురాత్రి నేను డ్యూటీకి బయలుదేరేటప్పుడు అక్క వాకిట్లోకొచ్చింది.

"తమ్మీ, కొత్త ఫాదర్‌ను అడుగు. మీ బావ యాడున్నడో."

"నువ్వే అడగరాదే?"

"నాకు నోరు రాదు. నువ్వొచ్చేదాక గుడి బయటనే కూసుంట. నువ్వడిగినంకనే లోపలికి పోత."

అదీ సంగతి. పైన మా అక్క గుడి బయట కూర్చుని ఉంది. కింద నేను నీళ్ళకు కాపలా.

సర్దార్ వచ్చాడు. గనిలో, మా మాటలో బాయిలో, గాలి, పైకప్పు చూసుకుంటూ తిరిగే పెద్దమనిషి. వేములవాడ రాజన్న భక్తుడు. నన్ను చూసి దీపం నా ముఖం మీదికి తిప్పాడు.

"ఏందిరా, ఇంక ఈన్నే ఉన్నవ్?"

"నా మనిషి రాలే కాక. ఏమైండు?"

"యాడికి పోతడు, మీదనే ఉన్నడు. ఇయ్యాల జెండా గదా. మేనేజర్ సాబు అందర్ని వరుసకు నిలవెట్టిండు. సాబు మాట్లాడుడు అయిపోవాలె, లడ్డూలు పంచాలె."

"కాక, నీ కాళ్ళు మొక్కుత. నువ్వు కూసో. నేను పోయొస్త."

"నేను పంపుకాడ కూసుంటే మిగిలిన బాయి నీ అయ్య చూస్తడా? గంత తొందరేంది? మా రాజన్న అయితే ఎప్పుడు పోయినా ఉంటడు. మీ దేవుడు తొమ్మిది దాటితే తలుపేస్కుంటడా?"

"ఏస్కుంటడు కాక," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలి?

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. "మీదికి పోంగనే పంపిస్త తీ," అని వెళ్ళిపోయాడు. ఆయన దీపం మలుపు తిరిగే దాకా చూశాను. తర్వాత మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. లేచి నాలుగడుగులు వేశాను. నీళ్ళ గుంటలోకి చూసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇట్లా ఎన్నిసార్లు చేశానో. ఆ చప్పుడు ఆగితే నా ఉద్యోగం పోతుంది. ఆగకపోతే పైన పూజ పోతుంది. గొలుసుతో కట్టేసి ఉంటే తెంపుకునే వాడినేమో. నన్ను కట్టింది నీళ్ళు. వాటిని పట్టుకుని తెంపేదేముంది?

నా మనిషి వచ్చేసరికి తొమ్మిది దాటిపోయింది. చొక్కాకు కాగితం జెండా గుచ్చుకుని, చేతిలో లడ్డూతో వచ్చాడు.

"కోపం చెయ్యకు అన్నా. సాబు మాట్లాడుతనే ఉన్నడు. స్వతంత్రం గురించి. ఇగో, నీ వంతు లడ్డూ తెచ్చిన."

"నువ్వే తిను," అన్నాను. పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం, సత్ప్రసాదం, తీసుకునేవాడు నడిరాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ నియమం అప్పటికే బాగా సడలించారట. అది కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

ఏటవాలు దారి ఎక్కి పైకొచ్చి గుడికి పరుగెత్తాను. వాన జల్లు పడుతోంది. ముఖం కడగలేదు, బట్ట మార్చలేదు. తలకు టోపీ అట్లాగే ఉంది. షెడ్డు బయట గోడ వారన అక్క కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. లోపల అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. వాకిట్లో ఉపదేశి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుడ్డ తీసి శానసేపైంది. లెక్కకు రాదు."

"లెక్క నీదా, దేవునిదా?"

"బొగ్గు మొఖంతోని గుడికొచ్చుడే గాక నోరొకటా?"

లోపల అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. నేను వెనక్కి జరిగి అక్క పక్కన నిలబడ్డాను. పూజ అయిపోయే దాకా వానలోనే ఉన్నాం.

పూజ కాగానే ఫాదర్ హడావుడిగా బయటికొచ్చి మోటార్ సైకిల్ స్టార్ట్ చేశాడు. ఇంకో కాలనీలో ఇంకో పూజ ఉంది. గుంటూరు వైపు మనిషి, నా ఈడువాడే. నేను పోయి బండికి అడ్డం నిలబడ్డాను. నల్లటి మనిషి ఎదురొచ్చేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఫాదర్, ఒక్క మాట. ఈస్టరునాడు డ్యూటీల ఉండి పూజ తప్పినోడు, మళ్ళ సంకీర్తనం చెయ్యకముందే చచ్చిపోతే యాడికి పోతడు?"

"ఎవరు, మీవాళ్ళా?"

"మా బావ."

"ఆయన సెలవు అడిగారా?"

"అడిగిండు. ఇయ్యలే."

"అయితే పాపం లేదండీ. ఆ కట్టడ రాగలిగి రానివాడికి. రాలేనివాడికి కాదు. జబ్బు మనిషికి లేదు, జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉన్నవాడికి లేదు, వదలకూడని పనిలో ఉన్నవాడికి లేదు. మీరిప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నారు?"

"పంపు కాడికెళ్లి."

"మీకూ లేదు. మీకు ఇదంతా చెప్పలేదా?" అని ఆయన ఉపదేశి వైపు తిరిగాడు.

ఉపదేశి తల దించుకోలేదు. "చెప్పలే ఫాదర్. చెప్తే గుళ్లె మీరు, నేను మిగులుతం. కల్లు తాగి పండుకున్నోడు గూడ డ్యూటీ ఉండె అంటడు. ఈళ్ళ సంగతి నాకెర్క."

నాకు కొట్టాలనిపించింది. అట్లాగని ఆయన అబద్ధమూ చెప్పలేదు. మా వాళ్ళ సంగతి నాకూ తెలుసు.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. పెళ్ళినాడు తప్ప ఫాదర్‌లతో మాట్లాడి ఎరగదు.

"ఈస్టరుకు పోకున్నా తప్పు లేదంటరా?"

"లేదమ్మా. మీరు ధైర్యంగా ఉండండి."

"మళ్ళొచ్చిన ఆదివారం గూడ ఆయనకు డ్యూటీనే. గప్పుడు పోకున్నా తప్పు లేకుండెనా?"

ఫాదర్‌కు ఏమీ తెలియదు. ఆమెను ఓదారుస్తున్నానన్న సంతోషంతోనే అన్నాడు: "అప్పుడూ లేదమ్మా. ఏ తప్పూ లేదు."

అక్క బండికి ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

"గట్లయితే ఆ శనివారం ఆయన బాయిల దిగకపోయినా నడుస్తుండె."

ఫాదర్ నా వైపు చూశాడు. నేను చెప్పాను, షిఫ్టు మార్చుకున్న సంగతి, ఎందుకు మార్చుకున్నాడో, ఏ జాగలో పోయాడో. ఆయన చెయ్యి చాపి ఇంజన్ ఆపేశాడు. ఉపదేశి వాకిలి మెట్టు మీద, తడిలోనే, కూలబడ్డాడు. ఎవరూ ఆయన్ను లేపలేదు.

అవతలి కాలనీలో పూజ ఆ రోజు చాలా ఆలస్యమైందని తర్వాత విన్నాను.

బావ నరకంలో లేడు. నేను అడగడానికి పోయింది అదే, దొరికింది. నాకూ పాపం లేదని తేలింది. తర్వాతి ఆదివారం మళ్ళీ పంపు దగ్గరే కూర్చున్నాను, పాపమూ లేకుండా, పూజా లేకుండా. అక్క ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మంట వైపు చూడటం మానేసింది. శనివారం వస్తే మాత్రం పొద్దు గూకే దాకా ఇంట్లో ఉండలేకపోయేది. కాలనీ రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది. పిలిస్తే పలికేది కాదు. ఏ ఫాదరూ దానికి ఒక కట్టడ చెప్పలేదు.

అక్క ఆ మాట అన్నప్పుడు అక్కడ ఉన్నవాళ్ళం: గుంటూరు నుంచి వచ్చిన కొత్త ఫాదర్, మెట్టు మీద మా ఉపదేశి, పూజ నుంచి బయటికొచ్చి గొడుగు విప్పబోయి ఆగిన మా బడి టీచరమ్మ, బావ ఎవరి శనివారం తీసుకున్నాడో ఆ మనిషి భార్య చంకలో బిడ్డతో, మా అక్క, నేను.