గడిలోకి నడిచిన మైసమ్మ దున్న

గోపమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అనేది. అనేవాళ్లకేం, ఒడ్డున కూర్చుని ఎన్నైనా అంటారు. దామరచర్ల దాపునున్న ఆ ఊళ్లో, పొద్దున పిండిన పాలల్లో మొదటి చెంబు దొర ఉండే కోటలాంటి గడికి వెట్టిగా పోసి, మిగిలినవి కాచి తోడేసి, నెయ్యి తీసి మిర్యాలగూడ అంగడిలో అమ్ముకుని బతికే మనిషి ఆమె. గడి ముందు పాలచెంబు దించేటప్పుడు మొగుడు భిక్షపతి తల వంచేవాడు. ఆమె వంచేది కాదు. ఊరికి కోపంగా కనిపించింది అదే.

నైజాం రాజ్యం చివరి ఏళ్లలో దొరకు కడుపునొప్పి పట్టుకుంది. తగ్గితే మైసమ్మకు దున్నను విడుస్తానని మొక్కుకున్నాడు. తగ్గింది. కొట్టం నిండా పశువులున్నవాడు తన మందలోంచి ఒకదాన్ని విడిస్తే ఏం పోయేది? గొప్పకు పోయి, గోదావరి అవతలి అడవిలో దూడప్పుడే పట్టి అక్కడే పెంచిన అడవి దున్నను తెప్పించాడు. పసుపు పూసి, బొట్టు పెట్టి, ఊరి మీదికి వదిలాడు. జాతరలో బలిచ్చేదాకా అది అమ్మవారి సొత్తు. దాన్ని కొట్టకూడదు, అదిలించకూడదు, తాడు వేయకూడదు. ఎవరి దొడ్లోకి వస్తే వాళ్లే మేపాలి. చెయ్యేసినవాడి చెయ్యి తీస్తానని దొర డప్పు కొట్టించాడు.

ఊరు దాని కొమ్ములు చూసి నోరు తెరిచింది. చెవుల వెనక, తోక కింద ఆముదపు గింజల్లా వేలాడుతున్న పిడుదులను ఎవరూ పట్టించుకోలేదు. అదే మామూలు బర్రెకైతే గోపమ్మ ఒక్కొక్కటీ పీకి నిప్పుల్లో వేసేది. అమ్మవారి ఒంటి మీదివి పీకేదెవరు?

ఆ దున్న గోపమ్మ దొడ్డికే మరిగింది. ఆమెకున్నవి రెండే. పాలిచ్చే తల్లి బర్రె, తొలిచూలుతో ఉన్న దాని పడ్డ. దున్న వచ్చి వాటి నడుమ పడుకునేది. ఎండలు ముదిరేసరికి తల్లి బర్రె మేత ముట్టడం మానేసింది, నెమరు మానేసింది. ఒళ్లు పెనంలా కాలింది. మూత్రం నెత్తురులా పోసింది.

"దున్నను తిట్టినవ్ గదనే. అమ్మకు కోపమొచ్చింది" అంది ఇరుగమ్మ.

భిక్షపతి బర్రెకు వాతలు పెట్టించాడు, కోడిని కోశాడు. వాతల మంట ఒకటి ఎక్కువ అనుభవించి బర్రె చచ్చిపోయింది. గోపమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఇక మిగిలింది పడ్డ ఒక్కటే. దున్న ఇప్పుడు దాని పక్కన పడుకుంటోంది.

ఆ వారమే దొర గుర్రానికి వైద్యం చేయడానికి సూర్యాపేట నుంచి పశువుల డాక్టరు రాందాస్ వచ్చి గడిలో దిగాడు. కోదాడ మనిషి. గోపమ్మ దారికి అడ్డం నిలబడి ఆయన్ని దొడ్లోకి తీసుకొచ్చింది. ఆయన దున్నను చూశాడు, గొంతు తగ్గించాడు.

"ఇది పిడుదులు తెచ్చిన రోగమమ్మా. అవి కుట్టినప్పుడు కంటికి కనపడని పురుగు నెత్తుట్లోకి ఎక్కుద్ది. అడవి దున్నకి అది అలవాటే, దానికేం కాదు. మీ బర్రెలు తట్టుకోలేవు. ముందు దీన్ని కట్టేసి పిడుదులు తీసేయాలి."

"గీ మాట దొరకు జెప్పు సారూ."

"నేనా? దొరవారి మొక్కులో నేను వేలు పెట్టనా? నాకు ఉద్యోగం వద్దా?"

"నీకు నౌకరి గావాలె. నాకు బర్రె గావొద్దా? థూ!" అని గోపమ్మ తనే గడికి నడిచింది.

వాకిట్లో నలుగురూ ఉండగానే, బాంచెన్ అని వంగి దండం పెట్టకుండా అడిగింది. "మీ దున్నను మీ కొట్టంల కట్టేసుకోండ్రి దొరా. నా పడ్డ సచ్చేటట్టున్నది."

దొర పగలబడి నవ్వాడు. "అమ్మోరు ఏడికి పోవాల్నో అమ్మోరిష్టమే. రేపు నా కొట్టానికొస్తే నేను మొక్కి మేపనా?"

నలుగురూ ఔనన్నారు. ఎందుకనరు, వాళ్ల బర్రెలు ఇంకా బాగానే ఉన్నాయి! గోపమ్మ పళ్లు కొరుక్కుంటూ ఇంటికొచ్చింది. దొర మాట మాత్రం మరిచిపోలేదు.

తెల్లారి ఉప్పు కలిపిన తవుడు గంపకెత్తి, దున్నకు వాసన చూపించి ముందు నడిచింది. అది వెంటపడింది.

"వద్దే, సంపుతరే!" అని భిక్షపతి బతిమాలాడు.

"నేను కొట్టిన్నా? తాడేసిన్నా? అమ్మోరు నడుస్తాంది. మొక్కు."

దారి పొడుగునా జనం మొక్కారు. గడి కావలివాడు కూడా దండం పెట్టి తలుపు తీశాడు. గోపమ్మ తిన్నగా కొట్టంలోకి వెళ్లి, దొర పాడిబర్రెల నడుమ గంప బోర్లించింది. దున్న తవుడు మేసి అక్కడే పడుకుంది.

అప్పుడు కదిలింది రాందాస్ నాలుక. పరుగున వెళ్లి దొర చెవిలో అంతా చెప్పాడు. దొర మొహం మాడిపోయింది. "తాళ్లు దెండ్రా! కట్టి పడెయ్యుండ్రి!" అని కేకేశాడు. జీతగాళ్లు అమ్మవారి దున్న కాళ్లకు తాళ్లు వేసి కింద పడేశారు. పిడుదులు పీకి, నిప్పుల్లో వేసి, ఒళ్లంతా కానుగ నూనె పట్టించారు. ఊరంతా గోడల మీది నుంచి చూసింది. ఎవరి చెయ్యీ తెగలేదు.

గోపమ్మ ఆగలేకపోయింది. "నా బర్రె నెత్తురు పోసుకొని సచ్చిననాడు గది మైసమ్మ. నీ బర్రెల నడుమకొచ్చినంక పిడుదులు! థూ, నీ మొక్కు మన్నువడ!"

"దాని నాలుక కోయుండ్రా!" అన్నాడు దొర. జీతగాళ్లు దున్న కాళ్లు వదిలి ఆమె వైపు కదల్లేదు. వాళ్ల ఇళ్లల్లోనూ బర్రెలున్నాయి.

దున్న జాతర దాకా గడిలోనే కట్టేసి ఉంది. గోపమ్మ రోజూ పడ్డ ఒళ్లు తడిమి పిడుదులు ఏరింది. వానలు పడ్డాక అది ఈనింది. ఊరి కట్టు ప్రకారం తొలి జున్నుపాలు గడికి పోవాలి. గోపమ్మ చెంబు ఎత్తుకుని గడి దాటి, మైసమ్మ రాయి దగ్గరికి వెళ్లి అక్కడ కుమ్మరించింది.

"తాగు తల్లీ. నీ పేరు జెప్పి నా బర్రెను సంపితే నువ్వు సప్పుడు జెయ్యలే. గా కోపం నాకింక పోలే. అయినా నీకు పోస్తాన గని, గడికి మాత్రం సుక్క పొయ్య."

పోయలేదు.