వేపనూనె నురగ

ఈరోజు మనవరాలు మా కుక్కపిల్లకి వేపనూనె రాస్తోంది. ఆ వాసన తగలగానే నేను లేచి బయటికి వచ్చేశాను. ఎందుకో తనకి చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కుక్కకి పిడుదులు పడితే అప్పట్లో మందులెక్కడివి? మా జీడితోటకి కరియా అనే కుక్క కాపలా ఉండేది. మామ్మ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, చెవుల్లోంచి పిడుదులు ఏరి కుంపట్లో వేసేది. అవి చిటపటమనేవి. తరువాత పసుపు కలిపిన వేపనూనె దాని ఒళ్ళంతా పట్టించేది.

ఒకసారి కరియా ఆ నూనె నాకేసి, నోటినిండా నురగతో వీధిలోకి పరుగెత్తింది. తోటల నుంచి వస్తున్న మగవాళ్ళు కర్రలతో చుట్టుముట్టారు. మామ్మ వెళ్ళి దాని మెడ పట్టుకుని అడ్డంగా కూర్చుంది.

"అత్తా, తప్పుకో. దానికి పిచ్చెక్కీసింది," అన్నాడు పక్కింటి మావయ్య.

"పిచ్చి నీకు. నూనె నాకీసింది, సేదుకి నురగొచ్చింది."

"కరిసీసినాక ఏటి సేత్తావు?"

మామ్మ ఆ నురగ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

"సేదే. నువ్వూ సూడు అల్లుడా," అంది.

కర్రలు దిగిపోయాయి. కుక్క బతికింది.

నా భయం మాత్రం పోలేదు. పిచ్చికుక్క విషం ఎక్కినవాళ్ళు నీళ్ళు చూస్తే వణికిపోతారని బడిలో విన్నాను. ఆ ఏడాదంతా మామ్మ మంచినీళ్ళ చెంబు ఎత్తినప్పుడల్లా, గుటక దిగేవరకూ ఆమె గొంతు వంకే చూస్తూ నిలబడేవాణ్ణి.