విడాకులు ఏ చెట్టు ఆకులు?

తాండూరుల మా బడికి కొత్తగ వచ్చిన సైన్స్ టీచర్‌కు ఒక అలవాటుండేది. స్టాఫ్‌రూముల అందరం చాయ్ తాగినంక మిగిలిన చాయ్‌పత్తిని కడిగి, టిఫిన్ డబ్బాల నింపుకొని పోయి బడితోటల గులాబీలకు వేసేది. నాకు నవ్వొచ్చేది. "విడాకులైనయ్ గదా, ఆమెకింకేం పని" అని ఒకనాడు పిల్లలున్నరని గూడ చూడకుండ అన్న.

ఆ మాట పట్టుకొని ఆరో తరగతి పిల్ల తోటల ఆమెనే అడిగింది: "టీచర్, విడాకులంటే ఏ చెట్టు ఆకులు?"

అక్కడనే ఉన్న నేను మొకం పక్కకు తిప్పుకున్న. ఆమె మాత్రం పకపక నవ్వింది. గులాబీ మొదట్ల మట్టి అదుముకుంట, "అవి ఎప్పుడో రాలినయ్ బిడ్డా. ఎరువు గూడ అయినయ్" అన్నది.

పక్కన లెక్కల సారు మగ్గుతోని ఆమె చేతుల మీద నీళ్లు పోసిండు. గోర్ల సందుల మట్టి పోయేదాక, సన్నగ, తొందర లేకుంట పోసిండు. చూస్తుంటే నా కడుపు మండింది.

దసరా సెలవులైనంక ఇద్దరూ పెండ్లి కబురు చెప్పి మిఠాయి పంచిన్రు. ఆమె నాకు గులాబీ కొమ్మ గూడ ఇచ్చింది. "జర ఓపిక పట్టున్రి మేడం, నాటుకుంటది" అన్నది.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే, మా వికారాబాద్ రాకముందే ఆ కొమ్మను రైలు కిటికీలకెల్లి ఇసిరేసిన. స్టేషన్ బయట మా ఆయన బండి మీద కూసోని ఫోన్ చూసుకుంటున్నడు. పోయి ఎనక కూసున్న. ఆయన తల ఎత్తలే.

"ఎక్కినవా?" అన్నడు.