అంబులెన్స్ అతుకుల్లో వాన

మధ్యాహ్నం పన్నెండున్నరకు లారీ నన్ను వర్క్‌షాపు ముందు దించింది. ఈశాన్య సరిహద్దు. ముందు కొండ, వెనక లోయ, రెండూ మబ్బులో ఉన్నాయి. వాన పడుతోంది. ట్రంకు పెట్టె, బెడ్డింగు, టూల్ కిట్టు అన్నీ తడిశాయి. రేకుల షెడ్డులో నలుగురు టీ తాగుతూ నన్ను చూస్తున్నారు. లోపలికి రమ్మని ఒక్కడూ అనలేదు. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు.

మాది గద్వాల దగ్గర గట్టు. సైన్యంలో నేను బండ్ల మెకానిక్కుని. అక్కడ నా పనేమిటో మొదటి రోజే తెలిసింది. ఆ కొండ మీద పోస్టుకంతటికీ ఒకటే అంబులెన్స్. దాని పైకప్పు కారుతోంది. అంతకుముందు వంటవాడి కాలు విరిగితే అందులోనే కిందికి తీసుకుపోయారు. ఆరు గంటల దారి పొడవునా అతని ఛాతీ మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. దవాఖానకు చేరేసరికి విరిగిన కాలికి చలిజ్వరం తోడైంది.

శనివారం తనిఖీ. అప్పటికి కారడం ఆగకపోతే బండిని మైదానంలోని పెద్ద వర్క్‌షాపుకు పంపేస్తారు. వానాకాలమంతా పోస్టుకు అంబులెన్స్ ఉండదు. ఎవరికి ఏమైనా మోసుకుని దిగాల్సిందే.

వర్క్‌షాపు హవల్దార్ ఒక సిలికాన్ ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కిటికీ అద్దాల చుట్టూ, స్నానాల గది మూలల్లో పూసే రకం. పూట పని, పూసెయ్ అన్నాడు. పూయనన్నాను. అంతకుముందు పూసింది కూడా అదే. బ్లేడుతో గీకి చూపించాను. కింద రేకు ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఘాటైన పులుపు వాసన వేస్తుంది. ఆ ఆమ్లం రంగు లేని ఇనుమును తినేస్తుంది. దాని మీద పెయింటు కూడా నిలవదు. పోనీ తారు పూద్దామంటే ఎండకు జారుతుంది, చలికి పగులుతుంది. గట్టిపడే పుట్టీ కూడా పనికిరాదు. కొండ దారిలో ప్రతి గుంతకూ బండి ఒళ్లు మెలి తిరుగుతుంది, పుట్టీ బీటలిస్తుంది.

కావలసింది పాలీయురేథేన్ సీలెంట్. ఆరాక రబ్బరులా సాగుతుంది. రేకును వదలదు. మీద రంగు పడుతుంది. ఒకటే షరతు, పూసేటప్పుడు అతుకు శుభ్రంగా, పొడిగా ఉండాలి. స్టోరులో ఆ ట్యూబులు ఉన్నాయి కూడా.

హవల్దార్ అందరి ముందూ నవ్వాడు. "అరే తెలంగాణావాలే, తేరే గావ్ మే పానీ హోతా భీ హై?" మీ ఊళ్లో అసలు నీళ్లుంటాయా అని. షెడ్డంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇవాళ కూడా వరసగా చెప్పగలను.

సిలికాన్ పూస్తే పని అయిందని సంతకం పెట్టనని చెప్పి, నేరుగా పోస్టు అధికారి మేజర్ సాబ్ దగ్గరికి పోయాను. ఆయన పాలీయురేథేన్‌కే ఒప్పుకుని, శుక్రవారం సాయంత్రం దాకా గడువిచ్చాడు.

అంబులెన్స్ డ్రైవరు మా వైపే, బల్మూర్ వాడు. నా వైపు నిలబడింది వాడొక్కడే.

"అన్నా, స్ట్రెచర్ మీద్నే కారుతుంది గద. ఆడనే పూస్తే అయిపోతది" అన్నాడు.

"తమ్మీ, మీది మట్టి మిద్దెనే గద? కారితే మీ నాయిన ఇంట్ల నిలవడి చౌడు మెత్తుతడా?"

"ఏ, మిద్దెక్కి పరుస్తడు. నీళ్లు ఏడ్నో దిగుతయి, ఏడ్నో కారుతయి."

"గంతే. నడువు, మీదికెక్కుదాం."

వానలకు ముందు మిద్దె మీద చౌడు మన్ను పరచడం మా వైపు ఏటా ఉండేదే. ఎక్కి చూశాం. నీళ్లు దిగుతున్నది స్ట్రెచర్ మీద కాదు. బాగా ముందు, అద్దం పైన రెండు రేకులు కలిసే అతుకులో. పాత సిలికాన్‌ను పొర కూడా మిగలకుండా గీకాం. తుప్పు రుద్దాం. బండి మీద టార్పాలిన్ కట్టి, పక్కన బొగ్గుల పొయ్యి పెట్టి రేకును ఆరబెట్టాం. చేత్తో తాకితే వెచ్చగా తగిలేదాకా ఆగి, పొయ్యి దూరంగా తీసేసి, ప్రైమర్ వేసి సీలెంట్ పూశాను. వేలితో నున్నగా అదిమాను. అది మెల్లగా ఆరుతుంటే హవల్దార్ వచ్చి గడియారం చూసుకుంటూ పోయేవాడు. ఒక్క మాట సాయం లేదు.

శనివారం తొమ్మిదింటికి పైపుతో నీళ్లు కొట్టారు. లోపల చుక్క లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే హవల్దార్ వెనక తలుపును బూటుతో తన్నాడు. తలుపు రేకుల మధ్య నీళ్లు బిందెలో కదిలినట్టు కదిలాయి.

డ్రైవరు మొహం మాడిపోయింది. తలుపు అడుగున చిన్న తూట్లుంటాయి. అద్దం సందులోంచి దిగిన నీళ్లు వాటిలోంచే పోవాలి. నిలిస్తే తలుపు లోపల్నుంచే తుప్పు పడుతుంది. మిగిలిన సీలెంట్‌తో వీడు వాటినన్నిటినీ మూసేశాడు.

"ఏంది తమ్మీ ఇది?"

"మిద్దె మీద ఒక్క బొక్క గూడ ఇడిసిపెట్టం గదన్నా! గిట్ల గూడ పక్కాగ ఉండాలనుకున్న."

"మరి మిద్దెకు తూము పెట్టరా? నీళ్లు యాడికి పోవాలె?"

వాడు నాలిక కరుచుకున్నాడు. హవల్దార్ మళ్లీ మా ఊరి నీళ్ల మాట ఎత్తాడు. తూట్లు కనిపెట్టింది ఆయనే, ఒప్పుకుంటాను. మాట మాత్రం అనవసరం. నేను కింద కూర్చుని ఆ తూట్లను దబ్బనంతో పొడిచాను. నీళ్లు చిమ్మి నేరుగా ఆయన బూట్ల మీద పడ్డాయి. నేను కావాలని చేయలేదు. చేసినా తప్పు లేదు.

బండి తనిఖీలో నిలిచింది. పోస్టులోనే ఉండిపోయింది. రిపోర్టులో మాత్రం పని హవల్దార్ చేయించినట్టు రాశారు. ఫిర్యాదు పెట్టాను. జవాబు రాలేదు. రెండోసారీ పెట్టాను.

తర్వాతి వారమే రేడియో ఆపరేటర్‌కు కడుపులో నొప్పి మొదలైంది. అపెండిక్స్ కావచ్చు, వెంటనే దించాలి అన్నాడు డాక్టరు. ఉదయం ఆరుంపావుకు బండి కదిలింది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. నేను రేడియో సెట్టు దగ్గర కూర్చున్నాను. ఎనిమిది దాటాక డ్రైవరు గొంతు దొరికింది.

"లోపట ఎట్లుంది తమ్మీ?"

"జర మూలుగుతుండన్నా."

"నీళ్లు?"

"ఏం లేవు. పొడిగుంది."

సెట్టు మీద హిందీలోనే మాట్లాడమని వెనక నుంచి హవల్దార్ అరిచాడు. "సూకా హై ఉస్తాద్! సూకా! పూరా సూకా!" అన్నాడు డ్రైవరు. హవల్దార్ నా భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. అదే ఆయన క్షమాపణ అని కొందరంటారు. నేను ఒప్పుకోను.

ఆపరేషన్ సమయానికే అయింది. ఆపరేటర్ బతికాడు.

ఆ పోస్టింగు ముగిశాక గద్వాలలో దిగి గట్టు బస్సు కోసం హోటల్లో కూర్చుంటే, పక్క బల్ల మీది పెద్దాయన అడిగాడు. "బార్డర్ల ఏం జూసినవ్ బిడ్డా? కాల్పులు జూసినవా?"

నా కళ్ల ముందు మెదిలింది కాల్పులు కాదు. ఆపరేటర్‌ను దింపి మర్నాడు బండి తిరిగొచ్చింది. వాన ఇంకా ఆగలేదు. డ్రైవరు వెనక తలుపులు తెరిచి చీపురుతో ఊడ్చాడు. ఆ కొండ మీద బట్ట ఆరని రోజుల్లో, అన్నీ నానిపోయిన చోట, అంబులెన్స్ లోపల్నుంచి ఇంత దుమ్ము లేచింది. పొడి దుమ్ము. గడప దాటి వానలోకి వచ్చి, అక్కడే కరిగిపోయింది.